ఎవురింటికి?

మా పామిడిలో కొత్త మనిషి వీధిలోకి వస్తే అడిగే మొదటి మాట ‘ఎవురింటికి?’ అని. పేరు కాదు, ఊరు కాదు, పని కాదు. అవన్నీ తర్వాత వస్తాయి. ముందు ఎవరింటికి వచ్చాడో తేలాలి. ఫలానా వాళ్ళింటికి అని చెప్పాడా, ఇక ఆ మనిషి బరువూ బాధ్యతా ఆ ఇంటివి. అరుగు మీద కూర్చున్న అవ్వ ‘ఆ సందులో మూడో ఇల్లు నాయనా, కుక్క ఉంటాది సూసుకో’ అని దారి చెప్తుంది. ఎండ మరీ ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తుంది. మజ్జిగ తాగుతుండగా మిగతా ప్రశ్నలు వస్తాయి. ‘మనోళ్ళేనా?’ అనేది అందులో తప్పకుండా ఉంటుంది.

మరి ‘ఎవరింటికీ కాదు, ఊరికే నడుస్తున్నా’ అని చెబితే? అట్లా చెప్పినవాణ్ణి నేను పామిడిలో ఒక్కణ్ణే చూశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ వ్యాసం మొదలుపెట్టి రెండుసార్లు ఆపేసింది అతని వల్లే.

పామిడి చూడనివాళ్ళకు రెండు మాటలు. గుత్తికీ అనంతపురానికీ మధ్య, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, పెన్న ఒడ్డున ఉంటుంది. పెన్న అంటే నీళ్ళనుకోకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది వెడల్పాటి ఇసుక మాత్రమే. ఒడ్డున భోగేశ్వరుడి గుడి. ఊళ్ళో బట్టల అంగళ్ళు, వాటి వెనక ఇళ్ళలో రాత్రి దాకా కుట్టుమిషన్ల చప్పుడు. నైటీలు, లంగాలు ఇక్కడ టోకున కొనుక్కొని పోవడానికి ఎక్కడెక్కడి నుంచో బేరగాళ్ళు వస్తారు. వాళ్ళనెవరూ ‘ఎవురింటికి’ అని అడగరు. భుజాన మూట ఉంటే అదే జవాబు. పని ఉన్న మనిషికి మా ఊరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

2018 సెప్టెంబరులో ఆఫీసు పని మీద నేను మొదటిసారి దేశం దాటాను. నాలుగు వారాలు లండన్‌లో. శనివారం రాత్రి దిగాను, సోమవారం ఆఫీసు. మధ్యలో ఒక ఆదివారం పూర్తిగా నాది. అప్పటికి నాకు 32 ఏళ్ళు. ఆలోచిస్తే అంతకుముందు ఏ ఊళ్ళోనూ, మా ఊళ్ళో కూడా, నేను ఏ పనీ లేకుండా ఒంటరిగా ఒక రోజంతా నడిచింది లేదు. బెంగళూరులో పదేళ్ళున్నా ఆఫీసు, ఇల్లు, మెజిస్టిక్ బస్టాండు, అంతే. నడవడమంటే బస్సు దొరక్కపోవడం అనుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి.

హోటలు కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర. పొద్దున ఏడింటికే మెలకువ వచ్చింది. బయటికొచ్చి స్టేషన్ వెనక రీజెంట్స్ కాలువ గట్టు పట్టుకొని పడమటికి నడిచాను. అంత ఇరుకు కాలువలో మనుషులు పడవల్లో కాపురాలుంటారని నాకు తెలియదు. ఒక పడవ కప్పు మీద కట్టెలు పేర్చుకున్నారు, ఇంకోదాని మీద కొత్తిమీర కుండీ. కొత్తిమీరే కాదేమో కూడా, నాకు అట్లా కనిపించింది. సైకిళ్ళవాళ్ళు వెనక నుంచి గంట కొట్టి సారీ చెప్పి పోతున్నారు. ఒక తూము దగ్గర ఒకాయన ఒక్కడే పెద్ద దుంగలాంటి చెక్కకు వీపు ఆనించి నెడుతుంటే తలుపు తెరుచుకొని, పడవ మెల్లగా పై నీటిమట్టానికి లేచింది. ఒక్క పడవ ఎక్కడానికి అన్ని నీళ్ళు వదిలేస్తారా అని నాలోని పెన్న ఒడ్డువాడికి కాస్త కడుపు మండింది. అరగంట నిలబడి చూశాను. ఆయన నన్ను చూశాడు, తల ఊపాడు, తన పనిలో పడ్డాడు. ఎవరు నువ్వు, ఎందుకు నిలబడ్డావు అని అడగలేదు.

ఈ అడగకపోవడం నాకు కొంచెంకొంచెంగా ఎక్కింది. కామ్డెన్ దాకా వచ్చేసరికి ఒళ్ళు తేలికైపోయింది. నా ఇంటిపేరు ఇక్కడ ఎవరికీ ఏ కులమో చెప్పదు. నాన్నకు బట్టల అంగడి ఉందని తెలియదు. పెళ్ళయిందా, పిల్లలా, జీతమెంత, సొంతిల్లు కట్టారా, ఏదీ లేదు. తప్పు సందులోకి తిరిగితే తిరిగాను, వెనక్కి వస్తే వచ్చాను. ఒకే వీధిలో మూడుసార్లు పోయి వచ్చినా ‘ఏమప్పా, ఏం పోగొట్టుకున్నావు?’ అనే గొంతు లేదు. విదేశాల్లో తొలిరోజు గురించి రాసినవాళ్ళు చాలామంది మొదట ఒంటరితనం గురించి రాస్తారు. నాకా రోజు సాయంత్రం దాకా ఒంటరితనం తగల్లేదు. అబద్ధం ఎందుకు, పండగలాగా ఉంది.

అక్కడి నుంచి ప్రింరోజ్ హిల్ వైపు. అదేమంత కొండ కాదు, 60 మీటర్ల పైచిలుకు ఎత్తున్న పచ్చిక దిబ్బ, గుత్తి కోట చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. దాని కింద చాల్కాట్ స్క్వేర్ అని ఒక చిన్న చదరం చుట్టూ ఇళ్ళు. గులాబి, లేత నీలం, పసుపు, పచ్చ, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. మా ఊళ్ళో గుడ్డలకు అద్దే రంగుల పట్టిక విప్పినట్టు. ఫోన్ తీసి ఒక ఇంటి ముందు నిలబడ్డాను. రెండు ఫోటోలు తీశాను. మూడోది తీస్తుండగా తలుపు తెరుచుకుంది. అరవై దాటినాయన, చేతిలో కాఫీ కప్పు, చిరునవ్వు.

‘కెన్ ఐ హెల్ప్ యూ?’

మాటకు మాట చూస్తే మీకేమైనా సాయం కావాలా అని. సాయం చేసే గొంతు కాదని తెలుసుకోవడానికి ఇంగ్లీషు పెద్దగా రానక్కర్లేదు. ‘ఎవురింటికి?’ అని ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల నన్నే అడిగారు, అంతే. నేను ‘జస్ట్ వాకింగ్’ అన్నాను. ఊరికే నడుస్తున్నా అని. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన ఇంకేమీ అడగకముందే నా నోటి నుంచి నా కంపెనీ పేరు, నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ననే సంగతి, నిన్ననే వచ్చాననే సంగతి, నాలుగు వారాల్లో వెళ్ళిపోతాననే సంగతి వరసగా వచ్చేశాయి. ఆఖరిది ఎందుకు చెప్పానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన ముఖం విప్పారింది. ఇళ్ళ రంగుల గురించి రెండు మాటలు చెప్పి, కొండ మీదికి ఎట్లా వెళ్ళాలో చూపించి, మంచి రోజు కోరి తలుపు వేసుకున్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. రోజూ తన గుమ్మాన్ని ఎవరెవరో ఫోటోలు తీస్తుంటే నేనైనా అడుగుతాను. నన్ను ఆపింది ఆయన ప్రశ్న కాదు, నా జవాబు. కాలువ గట్టున అంతసేపు నేను అనుభవించిన స్వేచ్ఛ అడగకపోవడం వల్ల వచ్చిందనుకున్నాను. నిజానికి అది అడిగితే చెప్పడానికి జేబులో జవాబు ఉండడం వల్ల వచ్చింది.

ఆ మాటకొస్తే ఎవరూ అడగలేదనడమే తప్పు. అన్నీ ముందే అడిగారు. వీసా కోసం ఆరు నెలల బ్యాంకు లెక్కలు, జీతం కాగితాలు, కంపెనీ ఉత్తరం, తిరిగి వస్తానని నమ్మకం కలిగించే ఆధారాలు, చివరికి పది వేళ్ళ ముద్రలు. ఈ వేలిముద్రల కథ కూడా మన వైపు నుంచి పోయిందే. నేరస్తుల వేలిముద్రల కోసం కలకత్తాలో 1897లో బ్యూరో పెట్టారు. వాటిని వర్గీకరించే లెక్క తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు. పేరు మాత్రం వాళ్ళ దొర హెన్రీది. 1901లో ఆ హెన్రీనే ఆ పద్ధతిని స్కాట్లండ్ యార్డుకు పట్టుకుపోయాడు.

నేను ఆ వైపు నడవడానికి ఒక కారణం ఉంది. చాల్కాట్ స్క్వేర్ నుంచి పది నిమిషాల్లో కింగ్ హెన్రీస్ రోడ్డు. అందులో పదో నంబరు ఇల్లు. 1921-22లో అంబేడ్కర్ అక్కడున్నారు. గోడకు గుండ్రటి నీలం ఫలకం. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఇల్లు కొని స్మారకంగా చేసింది. నేను పోయిన వేళకు తలుపు వేసి ఉంది. ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి చూశాను. ఈసారి ఫోన్ బయటికి తీయడానికి కాస్త జంకాను.

అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని ఒక చిన్న పుస్తకం రాశారు. ఆయన పోయాక చాలా ఏళ్ళకు, 1990లో అచ్చయింది. పేరు చూసి విదేశయాత్ర అనుకుంటాం. అందులో వీసా దొరకనిది ఈ దేశంలోనే. అమెరికాలో, యూరప్‌లో గడిపిన ఏళ్ళలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే పోయిందని ఆయన రాసుకున్నారు. చదువుకు డబ్బిచ్చిన బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలి. బరోడాలో దిగాక ఎక్కడుండాలి? హిందూ హోటళ్ళు రానివ్వవు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో రిజిస్టరులో రాయించి ఉన్నారు. పదకొండో రోజు పొద్దున పదీపన్నెండు మంది కర్రలతో గది ముందు నిలబడ్డారు. వాళ్ళు మొదట అడిగింది, ఎవరు నువ్వు, ఇక్కడికెందుకు వచ్చావు అనే. ఆ సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు, ఇద్దరూ కుదరదనే అర్థం వచ్చేట్టు చెప్పారు. కొలంబియాలో చదివిన మనిషి బొంబాయి రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నాడు.

ఆ పుస్తకం నేను ఇంజనీరింగు రోజుల్లోనే చదివాను. అప్పుడు నా మనసు పూర్తిగా ఆ గదిలోని మనిషి వైపే ఉండింది. చదివే ప్రతివాడూ అట్లాగే అనుకుంటాడు కాబోలు, తాను గదిలోపలే ఉన్నానని.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నేను ఆ ఇల్లు చూసిన ఏడాదే అక్కడి కామ్డెన్ కౌన్సిల్ దాన్ని మ్యూజియంగా నడపడానికి అనుమతి నిరాకరించింది. నివాసపు వీధిలో జనం తాకిడి, చప్పుడు అని ఇరుగుపొరుగులో కొందరు అభ్యంతరం చెప్పారు. విచారణ జరిగి, 2020 మార్చిలో పైనుంచి అనుమతి వచ్చింది. వాళ్ళ అభ్యంతరంలో కులం ఉందని నేననను. ఇళ్ళ వాడకం గురించి ఆ దేశపు నిబంధన అది. అయినా ఆ వార్త చదివినప్పుడు నవ్వాలో లేదో తెలియలేదు. బరోడాలో ఇల్లు దొరకని మనిషికి లండన్‌లో ఇల్లుంది, దాన్ని చూడవచ్చేవాళ్ళు ఎవరింటికి వస్తున్నట్టు అనేది తేల్చడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ రోజు ప్రింరోజ్ హిల్ ఎక్కి, సెయింట్ పాల్స్ గోపురం చూసి, రీజెంట్స్ పార్కు దాటి, బేకర్ స్ట్రీట్ మీదుగా కాళ్ళు లాగేదాకా తిరిగి చీకటి పడ్డాక హోటలు చేరాను. పడుకుంటే నిద్ర రాలేదు. విమానం అలసట అనుకున్నాను. కాదు. ‘జస్ట్ వాకింగ్’ అన్న నా మాట చెవిలో తిరుగుతోంది. ఆ మాట నేను ఆ ఏడాదే ఇంకొకరి నోట విన్నాను.

2018 మే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ నిండా వదంతులు. పార్థీ గ్యాంగు, బీహారు గ్యాంగు అని పేర్లు. ఎక్కడివో ఫోటోలు, ఎప్పటివో వీడియోలు. పోలీసులు నమ్మొద్దని చెబుతూనే ఉన్నారు, కొన్నిచోట్ల కొత్తవాళ్ళను కొట్టారు, ప్రాణాలూ పోయాయి. నేను సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మా వీధి చివర వేపచెట్టు కట్ట దగ్గర కేక. ఎవరో హిందీ మనిషి సందుల్లో తిరుగుతున్నాడు, ఎవరింటికో చెప్పడం లేదు. హిందీ వచ్చినవాడు కావాలని నన్ను పిలిచారు.

పాతికేళ్ళుంటాయి. నల్లగా, సన్నగా, చొక్కా మీద ఆయిలు మరకలు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో రెండు అరటిపళ్ళు, ఒక నీళ్ళ సీసా. అప్పటికే కట్ట మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఇరవై మంది. నేను అడిగాను, ఎక్కడి నుంచి వచ్చావు? లారీలో వచ్చానన్నాడు. లారీ ఎక్కడ? హైవే మీద చెడిపోయింది, మెకానిక్ చూస్తున్నాడు, సాయంత్రం దాకా పడుతుందన్నారు. మరి ఇక్కడేం పని? నది ఉందని చెప్పారు, చూడ్డానికి వచ్చాను. నది ఈ వీధిలో లేదు కదా? తెలియదు, వెతుక్కుంటున్నా. ఎవరింటికి వచ్చావు? ఎవరింటికీ కాదు.

‘ఐసే హీ’ అన్నాడు.

ఐసే హీ అంటే తెలుగులో ఒకటే మాట. ఊరికే. ‘ఊరికే వచ్చినాడంట, ఏరు చూడ్డానికి’ అని నేను చెప్పాల్సింది. నేను చెప్పింది వేరు. ‘సరిగ్గా చెప్పడం లేదు’ అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. అబద్ధం చెప్పాలని కాదు. మే నెలలో పెన్నలో చుక్క నీళ్ళుండవు. ఏరు చూడ్డానికి వచ్చానంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం కుదరలేదు, ఆ అపనమ్మకాన్నే అనువాదంగా చెప్పేశాను. నా మాట అయ్యీ అవకముందే పక్కనున్నతను అతని చెంప మీద కొట్టాడు. ఇంకొకరు కవరు లాక్కొని కింద కుమ్మరించారు. ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. దాన్ని నేనూ రెండు గ్రూపులకు పంపాను, ‘మన వీధిలో, జాగ్రత్త’ అని రాసి. ఆధార్ కార్డు చూపించాడు, అది దొంగదన్నారు. గంటన్నర తర్వాత లారీ డ్రైవరు వెతుక్కుంటూ మెకానిక్కుతో కలిసి వచ్చాడు. మెకానిక్ మా ఊరివాడే. ‘వీళ్ళు నా షెడ్డుకాడికి వచ్చినోళ్ళే కదప్పా’ అన్నాడు. ఎవరింటికి అనేదానికి జవాబు దొరికింది. వదిలేశారు. ఒకావిడ లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. అతను తాగలేదు.

ఒక పరాయి ఊళ్ళో, కాస్త తీరిక దొరికితే, ఆ ఊరి నది చూద్దామని ఒంటరిగా నడుచుకుంటూ వచ్చిన యాత్రికుడు అతను. నాలుగు నెలల తర్వాత నేను లండన్‌లో చేసిందీ అచ్చంగా అదే. మా ఊరికి యాత్రికుడు రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని ఇట్లాగే ఆపి కొట్టి చంపేశారు. నాథ్ పంథీ దవరీ గోసావీ అనే సంచార కులం వాళ్ళు, భిక్షకు తిరిగేవాళ్ళు. ఆ నెలలోనే వాట్సాప్ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి తెచ్చింది. పంపేవాడి చేతిని ఆపొచ్చు, నిజమే. నా చేతికైతే రెండు గ్రూపులే సరిపోయాయి.

ఈ సంగతి ఒక మిత్రుడికి చెబితే, ‘ఆ రోజుల్లో భయం నిజమైంది కదా, మీ వీధిలో పిల్లల తల్లులుండారు, అడగడం తప్పెట్లయితుంది?’ అన్నాడు. తీసెయ్యదగ్గ మాట కాదు. భయపడ్డ తల్లి అడగకుండా ఎట్లా ఉంటుంది? అయితే ఆ భయం ఎవరి మీద వాలిందో చూడాలి. బట్టల బేరగాడి మీద వాలలేదు. కారు దిగినవాడి మీద వాలలేదు. ‘పార్థీ’ అనే పేరు ఎక్కడిది? 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్త జాతుల చట్టం చేశారు. కులంలో పుట్టడమే నేరానికి రుజువు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన ఎరుకలవాళ్ళ లాంటివాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, చీటీ చూపాలి. స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. పార్థీలూ అట్లా జాబితాకెక్కినవాళ్ళే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. 66 ఏళ్ళ తర్వాత మా వేపచెట్టు కింద దాన్ని మళ్ళీ నడిపినవాళ్ళలో ఒక్కరికీ ఆ చట్టం పేరు తెలియదు. నాతో సహా.

లండన్ ఈ విషయంలో పరాయి ఊరేమీ కాదు. నేను అంత హాయిగా తిరిగిన వీధుల్లోనే 1824 నాటి వేగ్రన్సీ చట్టం కింద, తిరుగుతున్న మనిషి అనుమానంగా కనిపించడమే పట్టుకోవడానికి చాలు. 1970ల్లో దాన్ని నల్లజాతి కుర్రాళ్ళ మీద ఎంతగా వాడారంటే, వాళ్ళ పోరాటంతో ఆ భాగాన్ని 1981లో తీసేయాల్సి వచ్చింది. కాలువ గట్టున నన్నెవరూ అడగలేదు. నా వెనకే నడిచి వచ్చిన ఒక నల్ల కుర్రాణ్ణి అడిగి ఉంటారా? నేను వెనక్కి తిరిగి చూడలేదు.

1795లో కాంట్ శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో ఇందుకు పనికొచ్చే ఒక తేడా చెప్పాడు. కోనిగ్స్‌బర్గ్ వదిలి దాదాపు ఎక్కడికీ పోని మనిషి, రోజూ ఒకే వేళకు నడకకు వెళ్ళేవాడు. ఆయన లెక్కలో కొత్తచోటికి వచ్చినవాడికి అతిథి మర్యాదలు పొందే హక్కు లేదు, దానికి వేరే ఒప్పందం కావాలి. కానీ వచ్చి నిలబడే హక్కు ఉంది. గొడవ చేయనంతవరకూ అతణ్ణి శత్రువుగా చూడకూడదు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు ఎక్కడికని చెదిరిపోతారు, పక్కపక్కన ఉండక తప్పదు, అదీ ఆయన కారణం. చాలా పొడి కారణం. దయ, ప్రేమ ఏమీ లేవు. నాకు అందుకే నచ్చింది.

మా ఊరు దీనికి సరిగ్గా తలకిందులు. అతిథి మర్యాదకు కొదవ లేదు. ఫలానా ఇంటి మనిషివైతే మజ్జిగేం ఖర్మ, రాగి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి మంచం వేస్తారు. ఏ ఇంటివాడివీ కాకపోతే నిలబడే హక్కు లేదు. నన్ను చిన్నప్పటి నుంచి ‘పల్లెల్లో మనుషులు పలకరిస్తారు, సిటీల్లో పక్కింటివాడు చచ్చినా తెలియదు’ అనే మాట మీద పెంచారు. ఆ మాటలో నిజముంది. లండన్‌లో నాలుగు వారాల్లో ఒక్కరూ మంచినీళ్ళు కావాలా అని అడగలేదు, చివరి వారం జ్వరమొస్తే హోటలు గదిలో రెండు రోజులు పడున్నాను, ఎవరైనా తలుపు కొట్టి ‘ఎవురింటికి వచ్చినావప్పా’ అని అడిగితే ఏడ్చేసేవాణ్ణి. కానీ మా పలకరింపుని మేము మెచ్చుకునేటప్పుడు అది ఎవరిని పలకరిస్తుందో చెప్పం. రెండిట్లో ఒక్కటే ఇవ్వగలిగితే ఏది ముందివ్వాలి అంటే, నిలబడనివ్వడమే అంటాను. మజ్జిగ తర్వాత. చెంప మీద కొట్టి ఇచ్చిన మజ్జిగ అతనెందుకు తాగుతాడు?

ఈ వ్యాసం మొదటి ప్రతి చదివి మా ఆవిడ ఒక్క మాటే అంది. ‘నువ్వు లండన్ పోయి కనుక్కున్నది మాకు పదో తరగతిలోనే తెలుసు.’ కాలేజీ రోజుల్లో సాయంత్రం కాసేపు ఊరికే నడవాలనిపిస్తే తను జాకెట్ గుడ్డ ఒకటి చేతిలో పట్టుకొని బయల్దేరేదట, టైలర్ దగ్గరికి పోతున్నట్టు. ఒకే గుడ్డ, రెండేళ్ళు వాడిందట. ఎవరూ కుట్టని గుడ్డ. ‘ఆడదాని చేతిలో ఏదో ఒకటి ఉండల్ల. లేకుంటే ఎవరింటికి అని అడగరు, ఎవరికోసం అని అడుగుతారు’ అంది. దీని మీద ఆమె రాయాల్సిన వ్యాసం వేరే ఉంది. నా వ్యాసంలో దూర్చి పెద్దమనిషినైపోవడం నాకు ఇష్టం లేదు, ఇంతటితో వదిలేస్తున్నా.

ఊరికే అనే మాటని నేను ఈమధ్య రెండు ముక్కలు చేసి చూసుకుంటున్నాను. వ్యాకరణం తెలిసినవాళ్ళు క్షమించాలి, ఇది వ్యుత్పత్తి కాదు, నా పిచ్చి. ‘ఎవురింటికి వచ్చినావు?’ అంటే ‘ఊరికే’. ఏ ఇంటికీ కాదు, ఊరికే వచ్చాను. ఊరు మొత్తానికి. ఆ కుర్రాడు హిందీలో చెప్పింది ఇదే. పెన్న ఒక ఇంటిది కాదు, అతను దాన్ని చూడ్డానికి వచ్చాడు. అనువాదం చేయడానికి అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

అతనా రోజు పెన్నను చూడకుండానే లారీ ఎక్కాడు. లారీ నంబరు నేను చూడలేదు, పేరు ఆధార్ మీద చూశాను, మర్చిపోయాను. ఫోటో మాత్రం ఉంది. ఫోన్ మార్చిన ప్రతిసారీ బ్యాకప్పులో తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. చెరిపేయడం ఒక వేలు పని. రెండు గ్రూపుల్లో కలిపి నాలుగొందల మందికి పైగా ఉన్నారు, వాళ్ళ ఫోన్లలో నేను చెరపలేను, అందుకని నా దగ్గరా ఉంచాను. అందులో అతను వేపచెట్టు కట్ట మీద కూర్చొని ఉన్నాడు. కాళ్ళ దగ్గర అరటిపళ్ళు పడి ఉన్నాయి. తల వంచలేదు, పక్కకు చూస్తున్నాడు, ఎవరో ఏదో అడిగితే జవాబు చెబుతున్నట్టు. అతను చూస్తున్న వైపు, ఫోటో అంచున, గళ్ళ చొక్కా వేసుకున్న ఒక మోచెయ్యి. ఆ చొక్కా ఇంకా పామిడి ఇంట్లో బీరువాలో ఉంది.